చిట్టి వర్క్‌స్టేషన్: విడిభాగాలు, ఎస్‌ఎంపీఎస్ ఎంపిక

చిట్టి వర్క్‌స్టేషన్ అంటే ఇరవై లీటర్ల లోపు కేబినెట్‌లో ఇమిడిపోతూనే వీడియో ఎడిటింగ్, త్రీడీ రెండరింగ్, ఇంజినీరింగ్ డిజైన్, మెషిన్ లెర్నింగ్ వంటి బరువైన పనులను గంటల తరబడి ఆగకుండా చేయగల కంప్యూటర్. మామూలు టవర్ కేబినెట్ నలభై, యాభై లీటర్లుంటుంది. ఇరవై లీటర్లన్నది ఏ ప్రమాణాల సంస్థా గీసిన గీత కాదు, ఈ రకం యంత్రాలు కట్టేవాళ్ల మధ్య స్థిరపడిన లెక్క. పది లీటర్లకు దిగువన ఉన్నవాటిని మరీ చిన్నవిగా చూస్తారు. ఆటల కోసం కట్టుకునే చిన్న కంప్యూటర్‌కూ దీనికీ తేడా భాగాల్లో కంటే వాడకంలోనే ఎక్కువ. ఆట నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ మీద, గ్రాఫిక్స్ కార్డు మీద భారం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. రాత్రి రెండర్ పెట్టి పడుకుంటే వర్క్‌స్టేషన్ తెల్లవారేదాకా పూర్తి భారంతోనే పనిచేస్తుంది. లోపలి వేడి ఒక స్థాయికి ఎక్కి అక్కడే నిలబడుతుంది. ఆ స్థాయి ఎంతన్నదాన్ని బట్టే యంత్రం వేగం, మన్నిక తేలతాయి.

పెద్ద టవర్ కట్టేటప్పుడు ముందు ప్రాసెసర్, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు ఎంచుకుని, మిగిలిన డబ్బుతో ఏదో ఒక ఎస్‌ఎంపీఎస్ (యంత్రానికి కరెంటు అందించే పవర్ సప్లై) కొనడం బజారు అలవాటు. చిన్న పెట్టెలో ఆ వరస తిరగబడుతుంది. ఏ కొలత ఎస్‌ఎంపీఎస్ పడుతుందో కేబినెట్ చెబుతుంది. ఆ రెండూ కలిసి గాలికి ఎంత దారి మిగిలిందో చెబుతాయి. ఆ గాలి ఎన్ని వాట్ల వేడిని బయటికి మోయగలదో చూసుకున్నాకే గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ పేర్లు రాసుకోవాలి. ఈ వరస తప్పిన యంత్రం మొదటి రోజు బాగానే నడుస్తుంది. ఎండాకాలంలో, అదీ పని గడువు దగ్గరపడ్డప్పుడు, దాని సంగతి బయటపడుతుంది.

పూర్వరంగం

చిన్న వర్క్‌స్టేషన్ కొత్త ఆలోచనేమీ కాదు. 1988లో నెక్స్ట్ సంస్థ దాదాపు ముప్పై సెంటీమీటర్ల ఘనాకారంలో తన యంత్రాన్ని తెచ్చింది. 1989లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన స్పార్క్‌స్టేషన్ 1 మానిటర్ కింద పెట్టుకునేంత పలచనిది. 1993 నాటి సిలికాన్ గ్రాఫిక్స్ ఇండీ కూడా ఆ కోవదే. అప్పటి చిప్‌లు తాగే కరెంటు తక్కువ కాబట్టి చిన్న పెట్టె పెద్ద సమస్య కాలేదు. చిక్కు తర్వాతి కాలంలో వచ్చింది.

ఆపిల్ కథ ఈ చిక్కును రెండుసార్లు చూపించింది. 2000లో వచ్చిన పవర్ మ్యాక్ జీ4 క్యూబ్ ఇరవై సెంటీమీటర్ల ఘనం. ఫ్యాన్ లేకుండా నడవాలని పవర్ సప్లైని పెట్టెలోంచి తీసి బయట పెట్టారు. ఏడాది తిరిగేలోగా అమ్మకం ఆగిపోయింది. 2013లో వచ్చిన స్తూపాకారపు మ్యాక్ ప్రో ఎత్తు పాతిక సెంటీమీటర్లు, లోపల 450 వాట్ల సప్లై, పైన ఒకే ఒక్క ఫ్యాన్. మధ్యలో ఉన్న త్రికోణపు లోహపు దిమ్మె మూడు వైపులా ఉన్న చిప్‌ల వేడినీ లాగేస్తుంది. ఓ మాదిరి గ్రాఫిక్స్ చిప్‌లు రెండు పెట్టుకునే పద్ధతే నిలుస్తుందని నమ్మి చేసిన నిర్మాణం అది. ప్రపంచం మాత్రం ఒకే పెద్ద, వేడి చిప్ వైపు వెళ్లింది. వేడి విషయంలో తమను తామే మూలకు నెట్టుకున్నామని 2017లో ఆపిల్ అధికారులే విలేకరుల ముందు ఒప్పుకున్నారు. వాళ్ల లెక్కలో లోపం లేదు. తర్వాత వచ్చే భాగాలకు ఆ లెక్కలో చోటు మిగల్చలేదు, అంతే.

విడిభాగాలతో సొంతంగా కట్టుకునే దారి వేరుగా సాగింది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలను, 1997లో మైక్రో-ఏటీఎక్స్‌ను ప్రకటించింది. 2001లో తైవాన్ సంస్థ వీఐఏ 170 మిల్లీమీటర్ల చదరపు మినీ-ఐటీఎక్స్ బోర్డును ముందుకు తెచ్చింది. తక్కువ కరెంటుతో నడిచే తన సొంత ప్రాసెసర్ల కోసం వీఐఏ గీసుకున్న కొలత అది. దాని మీద ఇవాళ పదహారు కోర్ల చిప్‌లు కూర్చుంటున్నాయి. 2013లో జనం ముందస్తు చందాలతో తయారైన ఎన్‌కేస్ ఎం1, ఆ తర్వాత 7.2 లీటర్ల డాన్ ఏ4 కేబినెట్లు పూర్తి పొడవు గ్రాఫిక్స్ కార్డును కూడా చిన్న పెట్టెలో పట్టించవచ్చని చూపాయి. పెద్ద కంపెనీలూ ఊరుకోలేదు. హెచ్‌పీ జెడ్2 మినీ, లెనోవో థింక్‌స్టేషన్ టైనీ, డెల్ ప్రెసిషన్ కాంపాక్ట్ శ్రేణులు 2016 నుంచి వరసగా వచ్చాయి.

కేబినెట్, బోర్డు

చిన్న కేబినెట్లలో ప్రధానంగా రెండు అమరికలు కనిపిస్తాయి. ఒకదానిలో గ్రాఫిక్స్ కార్డు మామూలుగానే బోర్డులో నేరుగా గుచ్చుకుంటుంది. 18 లీటర్ల కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. రెండోదానిలో బోర్డు ఒక వైపు, కార్డు దాని వీపుకు వీపు ఆనించి మరో వైపు ఉంటాయి. రెంటినీ రైజర్ కేబుల్ కలుపుతుంది. 10.4 లీటర్ల ఫ్రాక్టల్ టెర్రా ఈ రకం. వీపు-వీపు అమరికలో ప్రతి భాగానికీ తన పక్క తలుపు నుంచే చల్లగాలి అందుతుంది, అది లాభం. ప్రాసెసర్ కూలర్ ఎత్తు యాభై, డెబ్బై మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, అది నష్టం. టవర్లో వాడే మంచి కూలర్లు 150 మిల్లీమీటర్లు దాటి ఉంటాయని గుర్తుంచుకుంటే ఈ నష్టం ఎంతో అర్థమవుతుంది.

రైజర్ కేబుల్‌ను చిన్న వస్తువని తీసిపారేయకూడదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరం కోసం చేసిన కేబుల్‌కు నాలుగో తరం కార్డు తగిలిస్తే తెర నల్లగా ఉండిపోవడం, పని మధ్యలో యంత్రం బిగుసుకుపోవడం మామూలే. బయాస్‌లో ఆ స్లాటు వేగాన్ని మూడో తరానికి కట్టేస్తే సర్దుకుంటుంది. బయాస్ తెరిచి చూడటానికి తెర వెలగాలి గదా, అందుకని ముందు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆ మార్పు చేసుకోవాలి. భద్రత సంగతీ ఉంది. ఎన్‌జడ్‌ఎక్స్‌టీ సంస్థ హెచ్1 కేబినెట్లో రైజర్ బోర్డును బిగించే స్క్రూల వల్ల షార్ట్ సర్క్యూట్ అయి నిప్పు రాజుకునే ప్రమాదం బయటపడటంతో 2021లో అమెరికాలో ఆ కేబినెట్లను రీకాల్ చేశారు.

మినీ-ఐటీఎక్స్ బోర్డులో కార్డుకు ఒకే స్లాటు, మెమరీకి రెండే స్లాట్లు ఉంటాయి. నిల్వకు పైన ఒకటి, వెనక ఒకటి ఎం.2 చోట్లు మామూలు. వెనక ఉన్నదానికి గాలి ఆడదు కాబట్టి ఎక్కువగా రాసే పని ఉన్న డ్రైవును పైనే పెట్టాలి. నాలుగో తరం డ్రైవు సెకనుకు ఏడు గిగాబైట్లు పైగా చదువుతుందని డబ్బా మీద రాసి ఉంటుంది. కాసేపటికి వేడెక్కి అదే డ్రైవు నెమ్మదిస్తుందన్నది డబ్బా మీద ఉండదు. ఐదో తరం డ్రైవులు ఈ పెట్టెల్లో చాలామందికి అనవసరం. రెండో కార్డో, నాలుగు మెమరీ ముక్కలో, వేగవంతమైన నెట్‌వర్క్ కార్డో కచ్చితంగా కావాలంటే మైక్రో-ఏటీఎక్స్ బోర్డు తీసుకుని పాతిక లీటర్ల పెట్టెకు సిద్ధపడటం మేలు. చిన్నదే కావాలని పట్టుబట్టి ఆనక బల్ల నిండా బయటి డబ్బాలు పరుచుకున్నవాళ్లకు పెట్టెలో మిగిలిన చోటు బల్ల మీద ఖర్చైపోతుంది.

ఎస్‌ఎంపీఎస్: కొలతలు, వాట్లు

టవర్లలో ఉండే ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఎత్తు 86, పొడవు 140. చిన్న పెట్టెల్లో ఎక్కువగా కనిపించే ఎస్‌ఎఫ్‌ఎక్స్ రకం వెడల్పు 125, ఎత్తు 63.5, పొడవు 100. మొదటిది 1.8 లీటర్లు, రెండోది 0.8 లీటరు. సగంకన్నా తక్కువ చోటులో అదే పని చేయాలన్నమాట. ఇవాళ ఎస్‌ఎఫ్‌ఎక్స్‌లో 450 నుంచి వెయ్యి వాట్ల దాకా దొరుకుతున్నాయి. పొడవును 130 మిల్లీమీటర్లకు పెంచిన ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్‌లో 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పడుతుంది, కాబట్టి మోత తక్కువ. ఆ అదనపు ముప్పై మిల్లీమీటర్లు మాత్రం కేబుళ్లు మడిచే చోటులోంచే పోతాయి. కేబినెట్ వివరాల్లో ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ పడుతుందని ఉన్నా, పొడవాటి కార్డుతో కలిపి పడుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఇంకా సన్నని ఫ్లెక్స్-ఏటీఎక్స్ రకం అరలీటరే. 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ గిర్రున తిరుగుతూ కీచుమంటుంది కాబట్టి పక్కనే కూర్చుని పనిచేసేవాళ్లకు అది సరిపడదు. చివరి దారి, పవర్ సప్లైని అడాప్టర్ రూపంలో పెట్టెలోంచి బయట పెట్టడం. కంపెనీల అతిచిన్న వర్క్‌స్టేషన్లలో ఎక్కువ భాగం ఈ దారినే పట్టాయి. 200 నుంచి 300 వాట్ల వరకు ఇది చక్కటి పరిష్కారం; సప్లైలో పుట్టే వేడి అసలు పెట్టెలోకే రాదు. తంటా అడాప్టర్ పాడైనప్పుడు మొదలవుతుంది. ఎస్‌ఎఫ్‌ఎక్స్ ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు, ఆ కంపెనీ అడాప్టర్ మాత్రం ఆ కంపెనీ దగ్గరే దొరకాలి.

ఎన్ని వాట్లు కావాలన్న లెక్క కష్టమేమీ కాదు, ఏ అంకె తీసుకోవాలన్న దగ్గరే తడబాటు వస్తుంది. ప్రాసెసర్ డబ్బా మీది అంకెకూ అది నిజంగా తాగే కరెంటుకూ పొంతన ఉండదు. రైజెన్ 9 7950ఎక్స్ పేరుకు 170 వాట్ల చిప్. సాకెట్ నుంచి 230 వాట్ల వరకు లాగడానికి దానికి అనుమతి ఉంది. ఇంటెల్ కోర్ ఐ9 14900కె మూల అంకె 125 వాట్లు, గరిష్ఠం 253. లెక్కకు ఎప్పుడూ రెండో అంకే తీసుకోవాలి. తక్కువ కరెంటుతో నడిపే ఎకో మోడ్‌లో 142 వాట్లకు కట్టేసిన 7950ఎక్స్, 70 వాట్ల గ్రాఫిక్స్ కార్డు, బోర్డు, మెమరీ, డ్రైవులు, ఫ్యాన్లకు కలిపి ఓ 50 వాట్లు అనుకుంటే మొత్తం 262. దీనికి 450 వాట్ల ఎస్‌ఎఫ్‌ఎక్స్ ధారాళంగా సరిపోతుంది. అదే ప్రాసెసర్‌కు 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 జతచేస్తే మొత్తం 640 దాటుతుంది, 850 వాట్లది కావాలి.

ఆ తేడా దేనికంటే, గ్రాఫిక్స్ కార్డు తాగే కరెంటు నిలకడగా ఉండదు. మిల్లీసెకనులో చిన్న భాగంపాటు అది తన సగటుకు ఎంతో ఎత్తుకు ఎగిరిపడుతుంది. 2020లో ఆర్‌టీఎక్స్ 3090 వచ్చినప్పుడు లెక్క ప్రకారం సరిపోయే ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఆ హఠాత్ పెరుగుదలను అతి భారంగా భావించి యంత్రాన్ని ఆపేశాయి. ఈ అనుభవం తర్వాత 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 నిబంధనలు పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు తమ రేటింగ్‌కు రెట్టింపు భారాన్ని వంద మైక్రోసెకన్లపాటు తట్టుకోవాలన్నాయి. 200 వాట్లకు మించిన కార్డు పెట్టేవాళ్లు ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని రాసి ఉన్నదే కొనాలి. వంద వాట్లు ఎక్కువున్న పాత రకంకంటే ఇదే నయం.

అదే నిబంధనలతో 600 వాట్ల దాకా మోయగల, పన్నెండు కరెంటు పిన్నులు, నాలుగు సూచన పిన్నులున్న కొత్త కనెక్టర్ కూడా వచ్చింది. పూర్తిగా లోపలికి దిగకపోయినా, మొదట్లోనే కేబుల్‌ను వంచేసినా అది కరిగిపోయిన సందర్భాలు 2022 చివర్లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డులతో వెలుగులోకి వచ్చాయి. కనెక్టర్ నుంచి కనీసం 35 మిల్లీమీటర్లు కేబుల్ తిన్నగా ఉండాలన్నది తయారీదారుల సలహా. సన్నని పెట్టెలో పక్క తలుపుకూ కార్డుకూ మధ్య అంత చోటు ఉండటం అరుదు. కార్డు వెడల్పుతోపాటు ఈ 35 మిల్లీమీటర్లనూ కలిపి కేబినెట్ కొలత చూసుకోవాలి. తర్వాత వచ్చిన 12వీ-2×6 కనెక్టర్‌లో సూచన పిన్నులను పొట్టిచేశారు. సరిగా దిగకపోతే కార్డు కరెంటే లాగదు, అందుకని ఇది కొంత నయం.

సామర్థ్యం సంగతికొస్తే, 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉన్నది 115 వోల్టుల పరీక్షలో సగం భారం దగ్గర 90 శాతం, పూర్తి భారం దగ్గర 87 శాతం చూపాలి. మన 230 వోల్టుల మీద ఒకటి రెండు శాతం ఎక్కువే వస్తుంది. 640 వాట్ల భారానికి 90 శాతం సామర్థ్యమంటే గోడ నుంచి లాగేది దాదాపు 711 వాట్లు. మిగిలిన 71 వాట్లు ఎస్‌ఎంపీఎస్‌లోనే వేడిగా మారతాయి. టవర్లో ఆ వేడి నేరుగా వెనక నుంచి పోతుంది. చిన్న పెట్టెలో ఎస్‌ఎంపీఎస్ తరచూ ముందు భాగంలో, పొట్టి పొడిగింపు తీగతో వేలాడుతూ ఉంటుంది. దాని వేడి గాలి ప్రాసెసర్ వైపే వెళ్లవచ్చు. ఇక్కడ గోల్డ్‌కూ ప్లాటినమ్‌కూ తేడాను కరెంటు బిల్లుతో కొలిస్తే డబ్బు దండగనిపిస్తుంది. పెట్టెలో తగ్గిన పది, పదిహేను వాట్ల వేడితో కొలిస్తే గిట్టుబాటే.

కేబుళ్ల గురించి ఒక హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్ వైపు ఉండే సాకెట్ల పిన్నుల వరసకు ఉమ్మడి ప్రమాణమేదీ లేదు. ఒక కంపెనీ కేబుల్ మరో కంపెనీ సాకెట్‌లో చక్కగా దిగుతుంది. 5 వోల్టులు పోవలసిన చోట 12 వోల్టులు పోయి డ్రైవు కాలిపోతుంది. పొట్టి కేబుళ్లు విడిగా చేయించుకునేవాళ్లు మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా చెప్పాలి.

గ్రాఫిక్స్ కార్డు

మదర్‌బోర్డు స్లాటు తనంతట తాను 75 వాట్ల వరకు ఇస్తుంది. ఆ హద్దులో ఇమిడే వృత్తిపర కార్డులే చిట్టి వర్క్‌స్టేషన్‌కు అసలైన బంధువులు. 2021 నాటి ఆర్‌టీఎక్స్ ఏ2000, 2023 నాటి ఆర్‌టీఎక్స్ 4000 ఎస్‌ఎఫ్‌ఎఫ్ అడా రెండూ 70 వాట్లవే, రెండూ పొట్టి కార్డులే. రెండోదానిలో 20 గిగాబైట్ల మెమరీ ఉంది. వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు, అంటే ముందు చెప్పిన కనెక్టర్ భయాలేవీ లేవు. ధర మాత్రం అదే వేగమిచ్చే ఆటల కార్డుకంటే చాలా ఎక్కువ.

ఆ ధర ఎవరు పెట్టాలి? డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొన్ని కార్డులను, డ్రైవర్లను పరీక్షించి ధ్రువీకరిస్తాయి. సాలిడ్‌వర్క్స్ వంటివి వాడుతూ, చిక్కొస్తే ఆ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసే కార్యాలయాలకు ఈ ధ్రువీకరణ అవసరమే. బ్లెండర్‌లో బొమ్మలు చేసేవాళ్లకు, రిజాల్వ్‌లో రంగులు దిద్దేవాళ్లకు దానితో ఒరిగేది తక్కువ. వాళ్లు రెండు స్లాట్ల మందం ఉన్న ఆటల కార్డు కొని, దాని వాట్ల పరిమితిని సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవడమే తెలివైన పని. కార్డులన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు చివరి కొద్దిపాటి వేగం కోసం బోలెడు కరెంటు తాగేలా వస్తాయి. 450 వాట్ల కార్డును 320కి కట్టేస్తే పోయే వేగం, తగ్గిన వాట్లతో పోలిస్తే చాలా కొద్ది.

వేగానికి ముందు కార్డు మెమరీ ఎంతో చూసుకోవాలన్నది మెషిన్ లెర్నింగ్ చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. నెమ్మదిగా నడిచే కార్డు ఎప్పటికైనా పని పూర్తిచేస్తుంది. మెమరీ చాలని కార్డు మీద ఆ పని మొదలే కాదు.

ప్రాసెసర్, మెమరీ

ప్రాసెసర్ ఎంపికలో పాటించాల్సిన సూత్రం వినడానికి వింతగా ఉంటుంది: ఎక్కువ కోర్లున్న చిప్ కొని తక్కువ వాట్లతో నడపాలి. ఒకే వాట్ల మీద పదహారు కోర్లు నెమ్మదిగా తిరిగితే, ఎనిమిది కోర్లు పరుగులు తీసినదానికంటే రెండరింగ్‌లో ఎక్కువ పని జరుగుతుంది. ఏఎండీ చిప్‌ల ఎకో మోడ్ ఈ పనిని బయాస్‌లో ఒక మీట దూరంలో పెట్టింది. 230 వాట్ల హద్దు 142కో, 88కో దిగుతుంది. 142 దగ్గర పోయే వేగం సాధారణంగా వందకు పదిలోపే. ఇంటెల్ బోర్డుల్లో హద్దులను చేత్తో రాసుకోవాలి. 13, 14 తరాల కోర్ ఐ9 చిప్‌లు వాడేవాళ్లు బయాస్‌ను కొత్తదిగా ఉంచుకోవాలి కూడా. అధిక వోల్టేజీ వల్ల ఆ చిప్‌లు క్రమంగా చెడిపోతున్నాయని తేలి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసింది.

మెమరీ స్లాట్లు రెండే కాబట్టి మొదటే పెద్ద ముక్కలు కొనాలి. 2023 నుంచి 48 గిగాబైట్ల డీడీఆర్5 ముక్కలు వచ్చాక రెండు స్లాట్లలో 96 సాధ్యమైంది. తర్వాత 64 గిగాబైట్లవీ వచ్చాయి. బిట్లు తారుమారైతే పట్టుకునే ఈసీసీ మెమరీ వర్క్‌స్టేషన్ల పాత గుర్తు. డీడీఆర్5 చిప్ లోపలే కొంత దిద్దుబాటు ఉంది కాబట్టి అన్ని డీడీఆర్5లూ ఈసీసీవే అన్న ప్రచారం తప్పు. చిప్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో జరిగే పొరపాటును ఆ దిద్దుబాటు చూడదు. నిజమైన ఈసీసీ కావాలంటే ముక్కా, బోర్డూ, ప్రాసెసరూ మూడూ దాన్ని ఒప్పుకోవాలి. మినీ-ఐటీఎక్స్‌లో అలాంటి బోర్డులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వారాల తరబడి సాగే గణనలు, లెక్క తప్పితే ప్రమాదం తెచ్చే నిర్మాణ విశ్లేషణలు చేసేవాళ్లు వెతికి మరీ తెచ్చుకోవాలి. పెళ్లి వీడియోలు కత్తిరించేవాళ్లకు ఆ శ్రమ అక్కర్లేదు.

కూలర్ విషయంలో చెప్పాల్సింది కొంచెమే. 37 మిల్లీమీటర్ల నాక్టువా ఎల్9 రకం కూలర్ 65 వాట్ల తరగతి చిప్‌లకే. 142 వాట్లు నిలకడగా నడవాలంటే 70 మిల్లీమీటర్ల కూలరో, 240 మిల్లీమీటర్ల నీటి కూలరో కావాలి. కేబినెట్ తలుపుకూ కూలర్ ఫ్యాన్‌కూ మధ్య ఎడం మరీ ఎక్కువైతే ఫ్యాన్ బయటి గాలికి బదులు లోపలి వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. ఆ సందును ఫోమ్ పట్టీతో మూసేస్తే కొన్ని డిగ్రీలు దిగుతాయి. ఖరీదైన కూలర్ మార్చేముందు ఈ చవక చిట్కా ప్రయత్నించాలి.

మన ఎండ, మన కరెంటు

ఇంటర్నెట్‌లో కనిపించే సమీక్షల్లో చాలావరకు ఇరవై, పాతిక డిగ్రీల గదుల్లో చేసినవి. రెంటచింతలలో, రామగుండంలో, విజయవాడలో మే నెల పగలు 43, 45 డిగ్రీలు కొత్త కాదు. ఏసీ లేని గది 38 దగ్గర ఉంటుంది. సమీక్షలో 25 డిగ్రీల గదిలో పెట్టె లోపలి గాలి 40 అయితే ఇక్కడ అదే యంత్రంలో 53 అవుతుంది. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌ల వాట్ల రేటింగ్ 40 డిగ్రీల దగ్గర ఇచ్చింది, మంచివాటిది 50 దగ్గర. ఈ ఒక్క అంకె చూడకుండా కొన్న 600 వాట్లు మన వేసవిలో 600 కావు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ప్రతి పది డిగ్రీల పెరుగుదలకూ ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజినీర్ల మోటు లెక్క. జపాన్‌లో తయారైన, 105 డిగ్రీల రేటింగ్ ఉన్న కెపాసిటర్లకు అదనంగా ఇచ్చే డబ్బు అందుకే. తక్కువ భారం మీద ఫ్యాన్ ఆపేసే మోడ్ చల్లని దేశాల విలాసం. స్విచ్ ఉంటే వేసవిలో దాన్ని తీసేయాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాలకు వేడితోపాటు తేమా ఉంది. 2020లో కోర్సేర్ సంస్థ తన ఎస్‌ఎఫ్ శ్రేణి ఎస్‌ఎఫ్‌ఎక్స్‌లలో కొన్ని బ్యాచ్‌లను మార్చి ఇచ్చింది. ఎక్కువ వేడి, ఎక్కువ తేమ కలిసినచోట అవి చెడిపోయే అవకాశం ఉందని సంస్థే ప్రకటించింది. ఈ రంగంలో ఎంతో పేరున్న శ్రేణి అది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు బ్యాచ్ సంఖ్య చూసి తీసుకోవాలి.

కరెంటు పోయినప్పటి సంగతి ఇంకా ముఖ్యం. గోడ కరెంటు ఆగాక ఎస్‌ఎంపీఎస్ తనలోని పెద్ద కెపాసిటర్‌లో దాచుకున్న శక్తితో యంత్రాన్ని కాసేపు నిలబెడుతుంది. పాత నిబంధనల్లో ఆ కాలం 16, 17 మిల్లీసెకన్లు. అమెరికా 60 హెర్ట్జ్ కరెంటులో ఒక చక్రానికి పట్టేంత. 2023 నాటి ఏటీఎక్స్ 3.1 పూర్తి భారం వద్ద దీన్ని 12కు సడలించింది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక చక్రమే 20 మిల్లీసెకన్లు. ఇంటి ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి ఇంతకన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే పది, పదిహేను మిల్లీసెకన్లలో మారుతుంది. ఫ్యాన్లు, లైట్లు ఆగకుండా తిరుగుతుంటే కంప్యూటర్ మాత్రమే రీస్టార్ట్ అవుతోందంటే కారణం చాలాసార్లు ఇదే. ఎస్‌ఎఫ్‌ఎక్స్‌లో పెద్ద కెపాసిటర్‌కు చోటు తక్కువ కాబట్టి కొనేముందు ఈ అంకెను ప్రత్యేకంగా చూడాలి.

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు, చవక యూపీఎస్‌లు ఇచ్చే మెట్ల ఆకారపు కరెంటుతో ఆధునిక ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని సరిగా కుదరవు. సైన్ వేవ్ ఉన్నదే తీసుకోవాలి. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లు మాత్రమే. మన మొదటి ఉదాహరణలోని 262 వాట్ల యంత్రానికి, మానిటర్‌తో కలిపి, అది అంచున నిలబడుతుంది. 640 వాట్ల రెండో యంత్రాన్ని అసలు మోయలేదు.

సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో టవర్ భాగాలకు కొదవ లేదు. ఎస్‌ఎఫ్‌ఎక్స్ సప్లైలు, పొట్టి కూలర్లు, రైజర్ కేబుళ్లు వెతుక్కోవాలి. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో ఇవి తరచూ దిగుతుంటాయి. ఎస్‌ఎంపీఎస్ మీద 100–240 వోల్టులని ఉంటే ఇక్కడ నడుస్తుంది, తీగ ఒక్కటే మార్చుకోవాలి. వారంటీ మాత్రం చాలా కంపెనీల్లో కొన్న దేశానికే పరిమితం, అది ముందే కనుక్కోవాలి. తయారై వచ్చే చిట్టి యంత్రాల దిగుమతి విషయంలో ప్రభుత్వం 2023 ఆగస్టులో ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లతోపాటు అతిచిన్న ఆకృతి కంప్యూటర్లనూ అనుమతి అవసరమైన జాబితాలో చేర్చింది. తర్వాత దాన్ని ఆన్‌లైన్ అనుమతి పద్ధతిగా సడలించింది. విడిభాగాలు ఆ జాబితాలో లేవు.

యంత్రం కట్టడం పూర్తయ్యాక ప్రాసెసర్‌ను ఒకసారి, గ్రాఫిక్స్ కార్డును ఒకసారి విడివిడిగా పరీక్షించి సరిపెట్టుకోకూడదు. రెండింటినీ కలిపి, తలుపులు మూసి, మధ్యాహ్నం పూట గంటసేపు నడిపి, మధ్యలో ఇన్వర్టర్‌కు మార్చి చూడాలి.

అతికించిన మెమరీ యంత్రాలు

2025లో ఈ రంగం మరో మలుపు తిరిగింది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే ప్యాకేజీలో ఉండి ఒకే మెమరీని పంచుకునే యంత్రాలు వచ్చాయి. ఏఎండీ రైజెన్ ఏఐ మ్యాక్స్ ప్లస్ 395తో 4.5 లీటర్ల ఫ్రేమ్‌వర్క్ డెస్క్‌టాప్, అదే కుటుంబపు చిప్‌తో హెచ్‌పీ జెడ్2 మినీ జీ1ఏ 128 గిగాబైట్ల మెమరీ దాకా ఇస్తున్నాయి. ఎన్విడియా డీజీఎక్స్ స్పార్క్ 150 మిల్లీమీటర్ల చదరం, యాభై మిల్లీమీటర్ల ఎత్తు. 240 వాట్ల అడాప్టర్ బయట ఉంటుంది, మెమరీ ఇందులోనూ 128. ఆ మెమరీలో ఎక్కువ భాగాన్ని గ్రాఫిక్స్ వాడుకోగలదు కాబట్టి 24 గిగాబైట్ల కార్డులో పట్టని పెద్ద మోడళ్లు వీటిలో నడుస్తాయి, కాకపోతే నెమ్మదిగా. ఫ్రేమ్‌వర్క్ యంత్రంలో 400 వాట్ల ఫ్లెక్స్-ఏటీఎక్స్ సప్లై పెట్టారు, పాడైతే మార్చుకోవచ్చు. మెమరీ మాత్రం బోర్డుకు అతికించే వస్తుంది. 256 బిట్ల వెడల్పు దారిలో సంకేతాలు చెదరకుండా పోవాలంటే స్లాటు కుదరదన్నది కంపెనీ చెప్పిన కారణం. ఇలాంటి యంత్రం కొనేవాళ్లు ఎస్‌ఎంపీఎస్ గురించి, కనెక్టర్ల గురించి తలపట్టుకోనక్కర్లేదు. ఎన్ని గిగాబైట్లది కావాలన్నది మాత్రం కొన్న రోజే తేల్చుకోవాలి.